విదోసావ కసరత్తు

మా భవనంలో కింది వాటా విదోసావది. చెర్రీ చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నాక ఆమె చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. అయినా దర్జీ పని మానలేదు. కుట్టుమిషను పెడల్‌ను బల్ల మీదికి ఎక్కించి మోచేత్తో నొక్కడం నేర్చుకుంది. మా ఊరు జ్రెన్యానిన్‌లో చాలామంది పెళ్ళికూతుళ్ళ బట్టలు ఆమె కుట్టినవే.

నిరుడు చలికాలం చేతులు మొరాయించాయి. ఏళ్ళ తరబడి చక్రాలు తోసీ తోసీ, మంచం మీదికి ఒళ్ళంతా చేతుల మీదే ఎత్తుకునీ భుజాలు అరిగిపోయాయి. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున, మంచం ఎక్కలేక కుర్చీలోనే నిద్రపోతుంటే, రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన భర్త ల్యూబిషా చూసి కనిపెట్టాడు.

అతను బస్సుల మెకానిక్. అడిగి చేసే అలవాటు లేదు. వారం తిరక్కముందే వ్యాన్‌లో ఓ పెద్ద వ్యాయామ యంత్రం తెచ్చాడు. ఇనుప స్తంభాలు, తోలు సీటు, తాళ్ళు, బరువులు. ఇరుగుపొరుగు వాళ్ళమంతా ఓ చెయ్యేసి లోపలికి చేర్చాం.

విదోసావ దాన్ని ఎగాదిగా చూసింది. "బాగుందయ్యా. ఈ సీటు మీదికి నన్నెవరు ఎక్కిస్తారు?"

"నేను లేనూ?"

"నువ్వు డ్యూటీకెళ్తే?"

"వచ్చాక ఎక్కిస్తా."

"అంటే కసరత్తు నీకన్నమాట. మరి నాకేదీ?"

ల్యూబిషా ముఖం మాడ్చుకుని కొన్నాళ్ళు దాని మీద కోట్లు ఆరేశాడు. చివరికి ఇద్దరూ కలిసి ఫిజియోథెరపిస్టు స్లాజానా దగ్గరికి వెళ్ళారు.

"అక్క తన కుర్చీలో కూర్చునే చెయ్యగలగాలి బావగారూ. తనే తగిలించుకోవాలి, తనే తీసెయ్యాలి. ఆ రెండూ కుదరనిది ఎంత ఖరీదైనా దండగే," అందామె. తర్వాత విదోసావ భుజం నొక్కి చూసింది. "రోజంతా ముందుకు తోస్తూనే ఉన్నావు. వీపు కండరాలకు పనే లేదు. ఇక లాగాలక్కా. నొప్పి ఎక్కువైతే మాత్రం ఆపెయ్."

అక్కడే అన్నీ పట్టి చూసి, సాగే రబ్బరు పట్టీలు, చేతులతో తిప్పే చిన్న పెడళ్ళ యంత్రం ఎంచుకున్నారు.

ఇంటికొచ్చి పట్టీని కిటికీ కమ్మీకి కట్టి లాగితే, బ్రేకు వేసి ఉన్నా కుర్చీయే కిటికీ వైపు జారింది. ల్యూబిషా గోడలోకి ఇనుప కొక్కెం దిగ్గొట్టి, చక్రాల ముందు చెక్కదిమ్మలు పెట్టాడు. పెడళ్ళ యంత్రాన్ని బల్ల మీద పెట్టి తిప్పితే, ఆ ఎత్తుకు భుజాలు చెవుల్ని తాకాయి. అతను రంపం తీశాడు.

"అది మా అమ్మ బల్ల," అంది విదోసావ.

"మీ అమ్మే ఉంటే ఈపాటికి కోసుండేది."

ఆమె నవ్వింది. కాళ్ళు కోశాక బల్ల సరిగ్గా సరిపోయింది. పెద్ద యంత్రాన్ని ఊళ్ళో కుస్తీ నేర్చుకునే పిల్లలు పట్టుకుపోయారు.

మొదట్లో ఏమీ తేడా కనబడలేదు. ఒకసారి విసుగొచ్చి పట్టీని మూలకు విసిరేసింది. మర్నాడు తనే వెళ్ళి తెచ్చుకుంది. వసంతం ముగిసేసరికి జుట్టు దువ్వుకుని, ముడి వేసుకుని బయటికొచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఆమెను ఆపడం మానేసింది.

సెప్టెంబరులో మా పెరట్లో, చలికాలానికి సీసాల్లో నిల్వ పెట్టుకునేందుకు, కారం లేని పెద్ద ఎర్ర మిరపకాయలు కాల్చి పచ్చడి వండాం. ఉడికినంతసేపూ అడుగంటకుండా కలపాలి. విదోసావ కుర్చీని పొయ్యి పక్కకు తెచ్చి గరిటె తీసుకుంది.

"కాసేపు నేను కలుపుతా, ఇటివ్వు," అన్నాడు ల్యూబిషా.

"నువ్వు సీసాలు కడుగు పో. సరిగ్గా కడుగు," అందామె, కలుపుతూనే.