తోట బంగ్లాకు రెండు దర్వాజలు

పాత గోడ కనిపిస్తే చాలు, కాలు నిలవని మనిషిని నేను. నిజాం కాలంలో ఒక దొర పొలం చూసుకోవడానికి కట్టించుకున్న తోట బంగ్లా ఓపెన్‌కాస్టు గనిలోకి పోతోందని విని, శనివారం ఆరున్నరకు కాజీపేటలో రైలెక్కాను. ఎనిమిదింటికి రామగుండంలో దిగితే అప్పటికే ఎండ చుర్రుమంటోంది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, గోదావరిఖనిలో బస్సు మారి సెంటినరీ కాలనీ చేరాను. అక్కడి నుంచి ఆటో. చూడాలనుకునేవాళ్లు ఈ నెలలోనే వెళ్లండి.

"గా ఇంట్ల ఏముందన్నా? ఊరే పోతాంది," అంది బస్సులో పక్క సీటు అక్క.

బంగ్లా తాళంచెవి, అక్కడ కాపలా ఉండే రాజయ్య కాక దగ్గరుంది. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టి రిటైరైన మనిషి. నన్ను బయటే ఆపి, పొడుగాటి కట్టెతో కప్పును కొట్టి చెవి పెట్టి విన్నాడు. బాయి అలవాటు పోలేదు.

"మంచిగనే పలుకుతాంది. రా సారు."

మూరెడు మందం డంగుసున్నం గోడలు, టేకు దూలాల మిద్దె, చుట్టూ వరండా. ముందు దర్వాజ నిండా తామరపూల చెక్కడం, దొర గుర్రం దిగకుండా వచ్చేంత ఎత్తు. వెనక దర్వాజలోంచి మాత్రం వంగితేగానీ రాలేం. వెట్టికి వచ్చేవాళ్లు తల వంచే లోపలికి రావాలని అలా పెట్టించారట. ఏం బుద్ధి! ఒళ్లు మండింది.

ఊళ్లో అందరూ తమ ఇళ్ల దర్వాజలు ఊడదీసి, కొత్త కాలనీలో కట్టుకునే ఇళ్లకు మోసుకుపోతున్నారు. దొర వారసులు కాకను కూడా బంగ్లాలోంచి ఒకటి తీసుకోమన్నారు, ఒక్కటే. దాన్ని ఊడదీయడానికి పన్నెండింటికి వడ్రంగం చేసే వడ్లాయన వస్తాడు. కాక మనసంతా తామరపూల మీదే. చిన్ననాటి నుంచీ ఇక్కడే వెట్టి చేసిన వాళ్లమ్మ మల్లవ్వ మాత్రం వెనకదే కావాలని పట్టుబట్టింది.

"గా పొట్టిది ఎందుకే అవ్వా? గిదైతే మనింటికి ఎంత సోకుంటది!" కాక బతిమాలాడు.

నేను ఊరుకోవచ్చు కదా! "అవ్వకు అది జ్ఞాపకం కాకా, పోనియ్యి," అని పెద్దరికం ఒలకబోశాను.

మల్లవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "యాదికా? థూ! దాన్ల వంగి వంగి నా నడుము పాయె. ఈడ ఇడిశిపెడితె ఎవడన్న తీస్కపోయి ఇంకో ఇంటికి పెడ్తడు. కొత్తింట్ల పాలు పొంగియ్యాలె గద బిడ్డా, దాంతోనే పొయ్యి ముట్టిస్త."

కాక కాసేపు తామరపూల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వడ్లాయన రాగానే, "ఎనకది తియ్యే," అన్నాడు.

నాలుగింటి రైల్లో ఫోన్ తీసి చూసుకుంటే ముందు దర్వాజ ఫొటోలు ఇరవై ఉన్నాయి, వెనకది ఒక్కటీ లేదు. సిగ్గేసింది. ఇన్నేళ్లలో నేను చూసొచ్చిన ప్రతి ఇంటికీ వెనక దర్వాజ ఉండే ఉంటుంది. ఒక్కదాని ఎత్తు కూడా నాకు తెలియదు.