కొత్త డాస్ వచ్చాకే ముహూర్తం

ఆ రోజుల్లో కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగులేదు. దాని ముందు కూర్చున్నవాడు ఎంత తిక్కమనిషైనా సరే (నేనే లెండి), చెప్పులు బయట విడిచి ఏసీ గదిలో టకటకా మీటలు నొక్కుతుంటే జనం చేతులు కట్టుకుని చూసేవారు. ఎనభైల చివరి సంగతి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, ఎస్.ఆర్. నగర్ గదిలో ముగ్గురితో సర్దుకుంటూ, పంజాగుట్టలో మా దూరపు బాబాయి నడిపే పెళ్లిసంబంధాల ఆఫీసులో ఆపరేటర్‌గా చేరాను. అందరూ జాతకాలు చూస్తుంటే మనం కంప్యూటర్లో చూద్దామన్నది ఆయన ఆలోచన. అబ్బాయిల వివరాలు, అమ్మాయిల వివరాలు ఎక్కించి మీట నొక్కితే ఎవరికెవరో తెరమీద పడేది.

"ఊరికే కూర్చున్నావుగా, నీ పేరు కూడా ఎక్కించరా," అన్నాడు ఒకరోజు బాబాయి. చదువు, ఎత్తు, గోత్రం అన్నీ ఉన్నవున్నట్టే ఎక్కించాను. స్వభావం దగ్గర కాస్త ఆగి, 'శాంతం' అని కొట్టాను. (అంతకు కాసేపటి ముందే కరెంటు పోయిందని స్టెబిలైజర్‌ని కాలితో తన్నాను. అయినా ఆ గడిలో 'కోపిష్ఠి' అని రాసుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా, మీరే చెప్పండి.) తర్వాత కొన్నాళ్లకి ఖైరతాబాద్‌లో సర్కారు ఉద్యోగం చేసే సూపరింటెండెంట్ గారొకరు తన కూతురి వివరాలు తెచ్చారు. మీట నొక్కితే నా పేరొచ్చింది. నేనేం చెయ్యలేదు, ఒట్టు. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి ఉప్మా ప్లేటు అందిస్తూ, "మీ కంప్యూటర్ మొండికేస్తే ఏం చేస్తారండీ?" అని అడిగింది. జీతం గురించి కాక కంప్యూటర్ గురించి అడిగిన పిల్ల నాకు అక్కడికక్కడే నచ్చేసింది. నేనూ నచ్చానని కబురొచ్చింది. ఇక ముహూర్తమే తరువాయి.

సూపరింటెండెంట్ గారు ఆ మాట మాట్లాడడానికే వచ్చి బాబాయితో చాయ్ తాగుతుంటే, మా మెషీన్ బాగుచేసే భాయ్ ఊడిపడ్డాడు. "అన్నా, కొత్త డాస్ వస్తున్నది. మస్తుంటదంట. గీ కమాండ్లు యాద్ పెట్టుకునుడు సుత అక్కర్లే, తెరమీద అన్నీ వరుసగ వస్తయి, ఏది కావాల్నో అది నొక్కుడే." డాస్ అంటే మెషీన్‌ని లేపి పనిలోకి దింపే ప్రోగ్రాం. అది మారితే సంబంధాలు మారిపోవు. కానీ సూపరింటెండెంట్ గారి కప్పు గాల్లోనే ఆగిపోయింది. "అయితే మనం చూసింది పాతదాంట్లో అన్నమాట. కొత్తది ఇంకా బాగా చూస్తుందేమో కదండీ?" చూస్తుంది మరి అన్నాడు బాబాయి. (వ్యాపారం ఆయనది, పెళ్లి నాది.) "అలాగైతే అది వచ్చాక ఒక్కసారి చూసుకునే ముహూర్తం పెడదాం. తొందరేముంది?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

నాకుంది తొందర. ఎవరికి చెప్పుకోను? ఈ వార్త పాకి, ఆఫీసుకొచ్చే పెద్దవాళ్లంతా పెళ్లిళ్లు ఆపుకుని కూర్చున్నారు. అబ్బాయి గురక పెడతాడో లేదో కొత్తది చెబుతుందా అని ఒకావిడ, అత్తగారి నోరెలాంటిదో కనిపెడుతుందా అని ఇంకొకావిడ. పళ్లు నూరుకుంటూనే "రానివ్వండి, చూద్దాం" అనేవాణ్ణి. తమాషా ఏమిటంటే, వినగా వినగా నాకే అనుమానం పట్టుకుంది. ఏమో, నిజంగానే నా స్వభావం పట్టేస్తే? భాయ్‌ని పక్కకి పిలిచి అడిగాను. "ఫికర్ చెయ్యకు అన్నా. మన దిల్‌ల ఏమున్నదో దానికెట్ల ఎరుక? అయినా కొత్త మాల్, జర చూడాలె," అని నన్ను ఇంకా భయపెట్టి పోయాడు.

ఎట్టకేలకు కొత్త డాస్ ఫ్లాపీలు వచ్చాయి. బాబాయి మానిటర్‌కి బొట్టు పెట్టాడు. సూపరింటెండెంట్ గారు కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. తెరమీద రంగురంగుల వరుసలు వచ్చేసరికి అందరూ మెడలు సాచారు. సంబంధాల ప్రోగ్రాం నొక్కాను. మెమరీ చాలదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. కొత్త డాస్ కూర్చోగా మిగిలిన చోటు మా ప్రోగ్రాంకి సరిపోలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. "అంటే ఈ సంబంధం కుదరదనా?" అన్నారాయన నీరసంగా. నాకు ఒళ్లు మండింది. "సంబంధానికీ దీనికీ ఏమిటండీ సంబంధం? ఈ డబ్బాకి తెలివి తక్కువ, దీన్ని అడిగే మనకి ఇంకా తక్కువ," అని బల్ల మీద ఒక్కటిచ్చాను. ఫ్లాపీలు కిందపడ్డాయి. అయిపోయింది నా పెళ్లి అనుకున్నాను.

ఆ అమ్మాయి వంగి ఫ్లాపీలు ఏరి బల్ల మీద పెట్టింది. "ఇందులో నా వివరాలు ఎక్కించింది ఎవరండీ?" నేనేనన్నాను. "మీవి?" అవీ నేనే. "స్వభావం శాంతం అని కూడా?" తల దించుకున్నాను. ఆవిడ నవ్వాపుకుంటూ తండ్రివైపు తిరిగింది. "కొత్తది చెప్పాల్సిందేదో నేనే చూసేశాను నాన్నా. ముహూర్తం పెట్టించండి."

ఆ రోజు మెమరీ సరిపోయుంటే తెరమీద ఎవరి పేరు వచ్చేదో అని ఇప్పటికీ నాకు కుతూహలమే. ఏసీ గదిలో కూర్చుని ధైర్యంగా 'శాంతం' అని కొట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. పాపం, ఎప్పటికైనా అలా అయిపోతాననే అనుకున్నాడు. మొన్న కుక్కర్ మూత రాలేదని నేను వంటింట్లో రంకెలు వేస్తుంటే, "శాంతం గారూ, మీ కొత్త వెర్షన్ ఎప్పుడండీ?" అంది మా ఆవిడ. వస్తుందిలే అన్నాను. మూత నా చేతిలోంచి తీసుకుని, "వచ్చినా వెయ్యకండి, నాకు ఇదే అలవాటైపోయింది," అంది.