చివరి ఇంటి నీళ్లు

మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చిందని నాకు ముందుగా ముక్కు చెబుతుంది. తూములోంచి కారే నీళ్లు ఎండిన దుమ్ము మీద పడగానే లేచే ఆ వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. తిరుపతిలో వేసవి వచ్చిందంటే రోజు విడిచి రోజు ఇదే తంతు. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టేస్తాను. ఎద్దుల మెడల్లో గంటలు, బండి మీద ఊగే పీపాలు, వాటి వెనక గొడుగు వేసుకుని విసవిసా నడిచే ఒక పొట్టి మనిషి గుర్తొస్తారు. ఆయన సుబ్బరామయ్య గారు, నా మొదటి పై అధికారి.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. స్వర్ణముఖి ఒడ్డున, చంద్రగిరికి కాస్త ఎగువనున్న ఒక చిన్న ఊళ్లో ఆయన పంచాయతీ బోర్డు ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు. నేను గుమాస్తాని. తిరుచానూరులో పూలంగడి పెట్టుకున్న మా నాయన, నాకు సర్కారు కొలువు దొరికిందని అమ్మవారికి మొక్కు చెల్లించి మరీ నన్ను ఆయన దగ్గరికి పంపించాడు. తీరా వెళ్తే ఆయన నోరు మంచిది కాదు. తప్పు దొరికిందంటే నలుగురిలో కడిగేసేవారు. మొదటి ఏడాది ఆయన్ను తిట్టుకోకుండా నేను ఒక్క పూట అన్నం తిన్న గుర్తు లేదు.

ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లు. తాగే నీళ్లు ఊరి బయట బావి నుంచి బండ్ల మీద రావాలి. బోర్డు ఎద్దులు ముసలివైపోయాక ఆ పనిని గుత్తకిచ్చేద్దామని సభ్యులు తీర్మానించారు. గుత్తదారుగా ముందుకొచ్చినవాడు మునిరత్నం. సొంత బండ్లున్నవాడు, సభ్యుల్లో ఇద్దరికి చుట్టం. ఇక నీళ్ల గొడవ మనకుండదని ఆఫీసంతా సంబరపడింది. నేనూ సంబరపడ్డాను, పైకే అనేశాను కూడా. సుబ్బరామయ్య గారు కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు.

"బండ్లు మునిరత్నానివి అబ్బాయ్. దప్పికెవరిది? ఊరిది. ఊరెవరిని అడుగుతాది? ఈ కుర్చీలో కూర్చున్నోణ్ణి. నీళ్లు తోలే పని ఇచ్చినాం గానీ, సూసుకునే పని ఎవరికిచ్చినాం?"

షరతులు ఖాయం చేసే సమావేశంలో ఆయన ఒక షరతు చదివారు. ప్రతి నెలా గుత్తదారు బిల్లు మంజూరు చేసే ముందు ఆఫీసరు గానీ, ఆయన బదులు పనిచేసే ఉద్యోగి గానీ, నీళ్లందవలసిన చివరి ఇంటికి వెళ్లి అక్కడి నీళ్లు తాగి చూడాలి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరి ఇల్లు ఏరు పక్కన క్రైస్తవుల పాళెంలో ఉంది. ఆ రోజుల్లో పై కులాలవాళ్లు ఆ పాళెంలో అడుగు పెట్టడమే అరుదు, ఇక నీళ్లు తాగడమా! అందులోనూ సుబ్బరామయ్య గారు సంధ్య వార్చనిదే కాఫీ ముట్టని బ్రాహ్మడు.

మునిరత్నం పకపకా నవ్వాడు. "రాసుకోండి సామీ, రాసుకోండి. మీరు తాగినప్పటి మాట కదా!"

సభ్యులూ నవ్వారు. షరతు నవ్వుల్లోనే నెగ్గింది. ఆయన సంగతి తెలుసనుకున్న అందరూ చేసిన పొరపాటు అదే.

నెలాఖరున ఆయన నన్ను వెంటబెట్టుకుని పాళేనికి బయలుదేరారు. చివరి ఇల్లు మరియమ్మది. కూలికి పోయి అప్పుడే తిరిగొచ్చినట్టుంది, కాళ్లకు ఇంకా బురద ఉంది. దాహమివ్వమని ఆయన అడిగేసరికి ఆమె గడపలోంచి వెనక్కి జరిగింది.

"వద్దు సామీ. మీరు పెద్దోళ్లు, తాగేసి పోతారు. రేపు నన్ను యాడ పెడతారో ఎవురికి తెలుసు? బాపనయ్యకు నీళ్లిచ్చిందని నామీదికి వస్తారు."

ఆయన ముఖం చిన్నబోయింది. తన మడి గురించి, తన ఉద్యోగం గురించి ఎన్ని రాత్రులు ఆలోచించుకున్నారో గానీ, ఆమెకు వచ్చే కష్టం గురించి ఆలోచించలేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. గొడుగు మడిచి గోడకు ఆనించారు. తర్వాత మెల్లగా, "నువ్వు ఇయ్యొద్దులే తల్లీ. కుండ యాడుండాదో సూపించు, నేనే ముంచుకుంటా. ఎవరడిగినా, ఆయనే వచ్చి ముంచుకున్నాడు, నేనేం సేసేదను" అన్నారు.

ఆమె కుండ చూపించింది. ఆయన ముంచుకుని చెంబెడూ తాగి, మూతి తుడుచుకుని అడిగారు. "ఇవి బండి నీళ్లేనా?"

"బండి ఆ మలుపు దాటి ఎప్పుడొచ్చింది సామీ? ఇవి ఏట్లో చెలమ తవ్వి తెచ్చుకున్నేటివి."

ఆ నెల మునిరత్నం బిల్లు ఆగిపోయింది. మరుసటి వారం బండి మలుపు తిరిగి పాళెంలోకి వచ్చింది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆయన తండ్రి ఆబ్దికానికి పిలిచిన పురోహితుడు రాలేదు, భోక్తలు కూడా రాలేదు. ఆ రోజు ఆఫీసు తాళాల కోసం నేను వాళ్లింటికి వెళ్లాను. వండినదంతా అలాగే ఉంది. ఆయన భార్య కామాక్షమ్మ గారు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"మునిరత్నాన్ని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టింటే సరిపోయేది కదా? ఆ నీళ్లు తాగే తీరాల్నా?" అన్నారు కన్నీళ్లతో.

"చీవాట్లకు అలవాటు పడిపోయినాడే వాడు" అన్నారాయన, అరుగు మీద నుంచి లేవకుండానే. తర్వాత తనకు గుర్తున్న మంత్రమేదో చదువుకుంటూ పిండం తీసుకుని దొడ్లోకి వెళ్లారు. కాకి కోసం చాలాసేపు నిలబడ్డారు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ దొడ్లోనే కరిగిపోయింది.

కొన్ని నెలలకే సభ్యులు ఆయన్ను మదనపల్లె వైపు బదిలీ చేయించారు. కొత్త ఆఫీసరు వచ్చేదాకా పనులన్నీ నా చేతికొచ్చాయి. వెళ్లేటప్పుడు ఆయన నాకేమీ బోధించలేదు, గొడుగు మరిచిపోతే బండి ఆపి వెనక్కి వచ్చి తీసుకుపోయారు, అంతే. నెలాఖరు వస్తోందనగా సంగతి తెలిసి మా నాయన తిరుచానూరు నుంచి వచ్చాడు.

"ఆయన బదిలీ అయి పోయినాడు నాయనా. మనం ఈడనే బతకల్ల. నువ్వు ఆ నీళ్లు తాగినావని తెలిస్తే నా పూలు ఎవురు కొంటారు? దేవుడికి పోయే పూలు గదా అవి!"

నాయన మాట అబద్ధం కాదు. అయినా మర్నాడు పొద్దున్నే పాళెంవైపు నడిచాను. ధైర్యం ఉండి కాదు. తాగకుండా ఆ బిల్లు మీద సంతకం పెట్టాలంటే ఆ దొడ్లో నిలబడిన మనిషి కళ్లముందు కదిలేవారు.

మరియమ్మ నన్ను గుర్తుపట్టింది. ఈసారి వెనక్కి జరగలేదు. "అయ్య పోయిన మర్నాటి నుంచే బండి రాలేదప్పా" అంటూ తనే చెంబు అందించింది. రెండు చేతులా పట్టుకుని తాగేశాను.

ఆ మధ్యాహ్నం మునిరత్నం తాంబూలం నములుతూ ఆఫీసుకొచ్చాడు. బిల్లు తిప్పి పంపించానని చెబితే నమ్మలేదు. "ఏమప్పా, నీకేం పోయేకాలం? ఆయనంటే పిచ్చోడు. నువ్వు కూడా తాగినావా?" అన్నాడు.

"తాగినానన్నా. అవి నీ నీళ్లు కావు" అన్నాను. బండి మళ్లీ మలుపు తిరిగింది. నాయన అంగడి ఆ ఏడాది చాలా డీలాపడింది. ఆయన నాతో మాట్లాడటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

చాలా రోజులకు రేణిగుంట ప్లాట్‌ఫారం మీద సుబ్బరామయ్య గారు కనిపించారు. చిక్కిపోయారు. నేను పరుగున వెళ్లి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. భుజం తడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి అలాగే చూసి, "రుచి ఎట్లుండె?" అన్నారు.

"ముందు ఇసక వాసన కొట్టింది సార్. మింగినాక నాలిక మీద కొంచెం తుప్పు మాదిరి ఉండె."

"ఆఁ" అన్నారు. ఆయన ముఖం విచ్చుకుంది. "అయితే తాగినావు." అంతలో రైలు వచ్చింది, ఆయన ఎక్కేశారు. ఆ తర్వాత మళ్లీ చూడలేదు.

నేనూ ఆఫీసరునై, ఊరూరా దీపాలు, రోడ్లు, చెత్త ఎందరికో గుత్తకిచ్చి రిటైరయ్యాను. చివరి ఇల్లు ఎక్కడని అడుగుతూ వెళ్లినందుకు నన్ను చాదస్తుడన్నవాళ్లే ఎక్కువ. ఎన్నో మెచ్చుకోళ్లు విన్నాను, చాలామటుకు మరిచిపోయాను. నా మాట నమ్మకుండా నా నాలికనే సాక్ష్యం అడిగిన ఆ ఒక్క మనిషి "తాగినావు" అన్నప్పటి సంతోషం మాత్రం ఇంత వయసొచ్చినా తగ్గలేదు.