దానియేలు అంకుల్ గుడిసెకి స్కీలు

పోయిన వారం ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. కొత్తగా మిషిగన్ వెళ్లారట, ఐస్ ఫిషింగ్ మొదలుపెట్టారట. సరస్సు గడ్డకట్టాక మంచుకి చిల్లుపెట్టి గాలం వేసే సరదా అది. "అక్కా, చలిగాలి తగలకుండా కూర్చునే గుడారం కొన్నాం. మంచులో లాగలేక నడుం పడిపోతోంది, ఏం చేయాలి?" అని అడిగింది. వెంటనే లేచి ఇప్పుడు మేముండే ప్లేనో ఇంటి గరాజ్‌లోకి వెళ్లాను. అక్కడ మేకుకి ఒక పాత సీట్ బెల్ట్ వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెండు ముక్కల్లో చెప్పాల్సిన జవాబు ఇలా పోస్టంత అయింది.

2011లో మేము కూడా మిషిగన్‌లోనే, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన శ్రీకాంత్‌ది కరీంనగర్ వైపు, ఉద్యోగం కార్ల సీట్ బెల్టులు చేసే కంపెనీలో. మాకు చేపల పిచ్చి అంటించినవారు దానియేలు అంకుల్. చీరాల దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, మా తెలుగు చర్చిలో పెద్ద. ప్లైవుడ్ అడుగు, అల్యూమినియం పైపులు, మందపాటి గుడ్డతో తనే ఒక గుడారం కట్టుకున్నారు. మడిస్తే వెడల్పాటి పెట్టెలా అయ్యేది. ఇక్కడివాళ్లు దాన్ని షాంటీ అంటారు, అంకుల్ మాత్రం గుడిసె అనేవారు. పైన యజమాని పేరు రాయాలని రూల్ కాబట్టి ఇంగ్లిష్‌లో రాసి, చేపలకి కూడా తెలియాలిగా అంటూ కింద తెలుగులోనూ రాశారు.

అంతకుముందు ఏడాది ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది. ఆ సీజన్ చివర్లో గుడిసెని చర్చి కుర్రాళ్లు లాగితే, అంకుల్ వెనక చేతులు కట్టుకుని నడిచారు. ఆ చిన్నతనం ఆయన్ని కాల్చేసింది. జనవరిలో ఒక ఆదివారం చర్చి భోజనాల దగ్గర అందరి ముందూ అనేశారు: "ఈసారి నా గుడిసె నేనే లాక్కెళ్తా. లాగలేకపోయానా, అమ్మేస్తా. ఇంక ఆ లేక్ మొహం చూడను." పక్కనే ఉన్న రూతమ్మ ఆంటీ, "కొనేవాడు కూడా రెడీగా ఉన్నాడులే" అంది. డాక్టర్ బరువులు ఎత్తొద్దన్నాడు గానీ లాగొద్దని అనలేదని అంకుల్ వాదన. ఆయన లేని శీతాకాలం తలుచుకుంటేనే మాకు బెంగ పుట్టింది. పోనీ గుడిసెనే తేలికగా కదిలేలా చేద్దామని శ్రీకాంత్ నడుం కట్టాడు.

కార్ల ఊరి ఇంజనీర్ కదా, మొదట చక్రాలు బిగించాడు. అంకుల్ వాళ్ల గరాజ్ నేల మీద వేలితో తోస్తే వెళ్లిపోయింది. పెరట్లో మంచు మీద పెట్టగానే ఇరుసుల దాకా దిగబడి, తోస్తే కదల్లేదు, లాగితే ఒరిగింది. అంకుల్ కిటికీలోంచి చూసి, "బాబూ, డెట్రాయిట్‌లో ఉండి ఉండి నీకు లోకమంతా రోడ్డే అయిపోయింది" అన్నారు. మర్నాడు పాత సామాన్ల కొట్లో మంచు మీద జారేందుకు కాళ్లకి తగిలించుకునే పొడుగు పలకలు, ఎవరో వదిలేసిన స్కీల జత దొరికింది. ప్లైవుడ్ కింద రెండు చెక్క దిమ్మెలు వేసి, వాటికి స్కీలు బిగించాడు. దాంతో అడుగుభాగం మంచుని దున్నకుండా పైకి లేచింది. క్రిస్మస్ ఆరాధనలో వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలు ఆంటీ దాచి ఉంచింది, బాగా జారాలని నేను కూర్చుని స్కీల అడుగున వాటినే రుద్దాను. లాగే తాడుని చేత్తో పట్టుకుంటే భుజాలు పోతాయని, పాత సీట్ బెల్ట్‌ని తాడు తగిలించి నడుముకి పెట్టుకునే పట్టీగా కుట్టించాడు. బకిల్ నొక్కితే చాలు, ఊడి వస్తుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారుజామునే మా వ్యాన్‌లో బయల్దేరాం. యూఎస్ 23 మీదుగా ఐ-75 ఎక్కి ఉత్తరానికి వెళ్లి, ఎం-55 మీద పడమరకి తిరిగితే హౌటన్ లేక్. ఆగకుండా వెళ్తే మూడు గంటల లోపే, కానీ మాతో ఆంటీ కట్టిచ్చిన ఇడ్లీలు ఉన్నాయి కాబట్టి ఆగాం. రానూ పోనూ పెట్రోలు యాభై డాలర్లు దాటింది. చేపలు పట్టడానికి ఒకరోజు లైసెన్స్ అప్పట్లో పది డాలర్ల లోపే ఉండేది. ఎర చేపలు అమ్మే కొట్టు ముసలాయన్ని ఐస్ ఎంత మందం ఉందని అడిగితే, అడుగు పైనే ఉంది, భయం లేదన్నాడు. అంకుల్ భుజాన ఉన్న బెల్ట్ చూసి, "దీనికి ఎయిర్‌బ్యాగ్ కూడా ఉందా?" అని అడిగాడు. అంకుల్ పొట్ట తడుముకుని, "ఇదేగా" అన్నారు.

ఒడ్డు దగ్గర బరువైన సామానంతా గుడిసెలో వెనక వైపు సర్దాం, ముందు భాగం తేలికగా లేచి ఉండాలని. అంకుల్ బకిల్ టక్కుమని పెట్టుకుని ఒక అడుగు వేశారు. గుడిసె బుద్ధిగా వెంట వచ్చింది. మోకాలి కింద దాకా ఉన్న మంచులో స్కీలు సుయ్యిమంటూ జారుతుంటే, ఆయన కీర్తన అందుకున్నారు. నేను పక్కన నడుస్తున్నాను. కాసేపటికి శ్రీకాంత్ కనపడక వెనక్కి చూస్తే, వంగి రెండు చేతులతో గుడిసెని నెడుతున్నాడు. నన్ను చూసి, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మిగతా గుడిసెలన్నీ ఉన్న చోటికి చేరాక అంకుల్ గర్వంగా వెనక్కి తిరిగారు, తను వచ్చిన దారి చూసుకోవడానికి. మంచు దేన్నీ దాచదు కదా. స్కీల గీతలు రెండు, వాటి మధ్య ఆయన అడుగుల మీదే, మునివేళ్లు లోతుగా దిగబడిన ఇంకొకరి బూటు గుర్తులు, ఒడ్డు దాకా. కీర్తన ఆగిపోయింది.

పొద్దంతా ఆయన గాలం మీది నుంచి తల ఎత్తలేదు. గుడిసెలో హీటర్ పక్కన ఆవకాయన్నం తిన్నాం. చిల్లులోంచి పెర్చ్ చేపలు ఒకటొకటే వస్తున్నాయి. పులుసుకి చాలా ఎక్కువే పడ్డాయి, అయినా ఎవరికీ సంతోషం లేదు. చివరికి అంకుల్ గాలం చుట్టేస్తూ, "సోమవారం ఆ కొనేవాడికి ఫోన్ చేస్తానమ్మాయ్. దీన్ని లాగింది నేను కాదు" అన్నారు.

శ్రీకాంత్ తన గాలం కింద పెట్టేశాడు. "పెద్దోళ్లు బరువు గుంజుతుంటె నేను చేతులూపుకుంట ఎట్ల నడుస్త అంకుల్? మా అమ్మకు తెలిస్తె నన్ను ఇంట్లకు రానిస్తదా?"

"నీ గౌరవం నాకు తెలుసు నాయనా. కానీ నా కాలు పనిచేస్తుందో లేదో నాకెవరు చెప్తారు?" చుట్టిన గాలం పక్కన పెట్టి, "తిరిగి వెళ్లేటప్పుడు మీరిద్దరూ ముందు నడవండి. బకెట్ కూడా పట్టుకోవద్దు. వెనక్కి చూడొద్దు" అన్నారు.

ఆ నడక నేను మర్చిపోలేను. ఎండ వాలుతోంది. మా చేతుల్లో ఏమీ లేదు. శ్రీకాంత్ వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, కట్టుకున్నాడు, పెళ్లిచూపుల్లో కూడా అంత ఇబ్బంది పడలేదు. వెనక స్కీల సుయ్యిమనే చప్పుడు వస్తూనే ఉంది. సగం దారిలో అది ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం. శ్రీకాంత్ తిరగబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకూ ఏడుపొస్తోంది. పడిపోతే కేకేస్తారు కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

"ముక్కు తుడుచుకోవడానికి కూడా మీ పర్మిషన్ కావాలా? నడవండి" అని వెనకనుంచి వినిపించింది. మళ్లీ సుయ్యిమని చప్పుడు.

ఒడ్డుకి చేరాక ఆయన బకిల్ నొక్కి బెల్ట్ విప్పారు. మొహం ఎర్రబడింది, మీసం మీద ఆవిరి గడ్డకట్టింది. ముందు వెనక్కి తిరిగి మంచు మీద గుర్తులు చూసుకున్నారు. తర్వాత ఫోన్ తీసి, "రూతూ, పులుసుకి చింతపండు నానెయ్. ఆ కొనేవాడిని వేరే గుడిసె చూసుకోమను" అన్నారు.

ఆ తర్వాత ఇంకో రెండు శీతాకాలాలు గుడిసెని ఆయనే లాక్కెళ్లారు. ఆపైన మేము ప్లేనో వచ్చేశాం. వచ్చే ముందు ఆ బెల్ట్‌ని శ్రీకాంత్ మెడలో వేసి, "నాకు కొత్తది కుట్టించి పో" అన్నారు అంకుల్. ఇప్పుడాయన లేరు. ఇక్కడ చెరువులు గడ్డకట్టవు, గరాజ్‌లో ఆ బెల్ట్‌కి పనీ లేదు. అయినా ఎప్పుడైనా చెయ్యి తగిలి బకిల్ టక్కుమంటే, ఆ కీర్తన మొదటి చరణం నా నోట్లోకి వచ్చేస్తుంది.

చెల్లీ, నీకు చెప్పేది ఇంతే. కింద పాత స్కీలు బిగించి కొవ్వొత్తి రుద్దండి, బరువు వెనక సర్దండి, తాడు చేత్తో కాకుండా నడుముతో లాగండి. మీతో పెద్దవాళ్లెవరైనా వచ్చి నేనే లాగుతానంటే, వెనక నెట్టకుండా ముందు నడవండి. కేకేస్తే వినపడేంత దూరంలో చాలు.