ఒక్క మాట మిగిలినాయన
చిలకలూరిపేటలో బస్సెక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఏం చూస్తున్నావని అడిగింది. అర్థం లేని గుర్తులు కొన్ని ఇచ్చి వదిలేస్తే, కంప్యూటర్లోని బొమ్మ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ వాటికి అర్థాలు ఎలా కల్పించుకుంటారో చూస్తున్నానని చెప్పాను.

ఆవిడ కిటికీలోంచి మిరప చేలు చూస్తూ చెప్పింది.

“మా ఆయనకి పక్షవాతం వచ్చాక ‘నీళ్లు’ అన్న మాటొక్కటే మిగిలిందమ్మా. ఆకలేసినా, భయమేసినా అదే. అనే తీరుని బట్టి నాకు తెలిసిపోయేది. పోయే రోజు కూడా అదే అన్నాడు. గ్లాసు అందిస్తే పక్కకి నెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడేమన్నాడో నీ కంప్యూటరు చెబుతుందా?”

“చెప్పదండి. అది మీ ఇద్దరి మధ్య పుట్టిన మాట. మీకు తప్ప ఎవరికీ తెలియదు,” అన్నాను.

మార్టూరులో దిగబోతూ ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఆయనేమన్నాడో నాకు తెలుసులేమ్మా. ఎవరితోనన్నా చెప్పుకోవాలనిపించింది.”