బయట కూర్చున్న మూడు రోజులు

మా అత్తగారింట్లో రెండు మగ్గాలు, ఒక వరండా, ఆ వరండా మూలన ఒక గోనెపట్టా ఉండేవి. నెలకు మూడు రోజులు ఇంటి ఆడవాళ్లలో ఎవరో ఒకరం ఆ పట్టా మీద కూర్చునేవాళ్లం. బయట ఉన్న మనిషి నూలు ముట్టకూడదు, రాట్నం ముట్టకూడదు, మగ్గం ఉన్న గది గడప దాటకూడదు. కంచం వేరు, చెంబు వేరు. నాలుగో రోజు తలస్నానం చేసి మళ్లీ రాట్నం మీద నూలు కండెలు చుట్టడానికి కూర్చోవాలి. షోలాపూర్‌లో మా సాలెవాళ్ల వాడంతా ఇదే పద్ధతి. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి కాబట్టి ఎవరు బయట ఉన్నారో, ఎవరు లేరో అందరికీ తెలిసేది. ఏ కోడలికి నెల తప్పిందో ఆమె మొగుడికంటే ముందు పక్కింటి ముసలమ్మకు తెలిసేది.

నిజం చెప్పాలంటే నాకు ఆ మూడు రోజులంటే ఇష్టం. అంటు అన్నా, ముట్టు అన్నా, నడుం వాల్చనిచ్చేవాళ్లు. తక్కిన రోజుల్లో ఆ మాత్రం కూడా లేదు.

నా తోటికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. బక్కపలచని మనిషి. కండెలు చుట్టడంలో వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. నోరు కూడా చేతితో సమానంగా ఆడేది. నేను ఆ ఇంటికి వచ్చేసరికే ఆమెకు ముగ్గురు పిల్లలు. నేను వచ్చిన ఏడాదికి నాలుగోది పుట్టింది. ఆ కాన్పు రెండు రోజులు పట్టింది. వాడ మంత్రసాని చేతులెత్తేస్తే తోపుడుబండి మీద పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తల్లీ పిల్లా బయటపడ్డాక అక్కడి డాక్టరమ్మ బావను పిలిచి, ఇంకో కాన్పు అయితే ఈ మనిషి దక్కదని చెప్పింది. బావ తల ఊపాడు. తల ఊపడం తప్ప ఆయన ఇంకేమీ చేయలేదని పదకొండు నెలలకు తేలింది.

"నెల తప్పింది," అంది అక్క, కండె మీదనుంచి కన్ను తీయకుండా. "ఇది కంటే నేను సస్త. నలుగురు పిల్లలు, చిన్నదింక పాలు ఇడ్వలే. ఇప్పుడు సచ్చుడు నాతోని గాదు."

మేమిద్దరం గాజులు వేయించుకుంటామని చెప్పి కొంతం చౌక్‌కు బయలుదేరి, అక్కడినుంచి దవాఖానకు వెళ్లాం. ఆ రోజు డాక్టరమ్మ లేదు. ఒక మగ డాక్టరు ఉన్నాడు. అక్క తన మరాఠీలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆసాంతం విన్నాడు. తల్లి ప్రాణం పోతుందంటే తప్ప ఆ పని చేయకూడదని చట్టం, చేస్తే నాకూ జైలే, నీకూ జైలే అన్నాడు. పోయినసారి డాక్టరమ్మ చెప్పిందని అక్క అంటే, రాసిచ్చిన కాగితం ఏదీ అన్నాడు. మాకు ఎవరూ కాగితం ఇవ్వలేదు. "బాయీ, నువ్వు నడిచే వచ్చావు కదా. ప్రాణాపాయం నాకేం కనిపించడం లేదు," అన్నాడు. చెడ్డవాడేం కాదు. అక్కను కూర్చోమని స్టూలు తనే జరిపాడు. వస్తూ వస్తూ, ఇంట్లో చెప్పాం కాబట్టి, ఇద్దరం గాజులు వేయించుకున్నాం.

అత్తమ్మకు చెప్పే మాటే లేదు. ఆ ఎండాకాలంలోనే మునిసిపాలిటీ తరఫున ఒక తెల్లచీర ఆమె మా వాకిట్లోకి వచ్చి, బొమ్మలు చూపించి, తక్కువ పిల్లలు ఉంటే ఎంత సుఖమో చెప్పింది. "బాయీ, మీకు కుర్చీలున్నయి, మాకు మగ్గాలున్నయి," అంది అత్తమ్మ. "మగ్గానికి చేతులు గావాలె. నువ్వొచ్చి నేస్తవా?" ఆడవాళ్లందరూ నవ్వారు. నవ్వు ఆగాక, బీడీలు చుట్టుకుని బతికే పక్కింటి విధవరాలు, "ముందుగాల ఆపుకొనుడు మంచిదే. మరి కడుపుల పడ్డదానికేం జెప్తవు?" అని అడిగింది. తెల్లచీర ఆమె నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుంది. అది పాపం, అది గున్హా, నేరం అంది. అత్తమ్మ వెంటనే అవునంది. ఆ పూట వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

అత్తమ్మ చదువుకోలేదు కానీ ఇద్దరు కోడళ్ల తేదీలూ ఆమెకు కంఠస్థం. ఒక నెల నాలుగు రోజులు అటూ ఇటూ అయినా అడిగేది. అక్క ఒక నెల ఏదో చెప్పి దాటేసింది. రెండో నెల దగ్గర పడింది. అప్పుడు నేను అన్నాను:

"అక్కా, ఎప్పటి లెక్కనే మూడు దినాలు బయట కూసో. ఎవ్వలకు అనుమానం రాదు."

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్క కూర్చుంది. ఒంట్లో ఏ అంటూ లేకుండా, వేరే కంచంలో అన్నం తింటూ, వేరే చెంబుతో నీళ్లు తాగుతూ మూడు రోజులు గోనెపట్టా మీద ఉంది. "దొంగ సెలవు బాగుందే," అని నన్ను చూసి కన్నుగీటింది. నాలుగో రోజు తలస్నానం చేసి రాట్నం ముందుకు వచ్చింది. అత్తమ్మ ఏమీ అడగలేదు. పాచిక పారిందనుకున్నాం.

ఆ తర్వాత ఎనిమిదో రోజున కుంఠా నాకా దాటాక ఒక మరాఠీ మంత్రసాని ఇంటికి వెళ్లాం. నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. లోపల ఆమె ఏం చేసిందో నేను చూడలేదు, అక్క చెప్పలేదు. వచ్చేటప్పుడు మంత్రసాని నా చేయి పట్టుకుని, నాలుగు రోజులు ఈమెను లేవనివ్వకు, నెత్తురు బాగా పోతుంది అంది. అప్పుడు నాకు తెలిసింది ఏం చేశామో. పోతుందంటే బయట కూర్చోవాలి. అక్క బయట కూర్చుని లేచి ఇంకా రెండు వారాలు కాలేదు. మళ్లీ ఆ పట్టా ఎక్కితే అత్తమ్మ అడుగుతుంది, వాడంతా అడుగుతుంది. పడుకోవడానికి ఆ ఇంట్లో ఉన్న మూడు రోజులనూ మేము ముందే అబద్ధానికి ఖర్చుపెట్టేశాం.

జ్వరమని పడుకోవచ్చు కదా అని ఇప్పుడు ఎవరికైనా తోచవచ్చు. నాకూ తోచింది. జ్వరమంటే అత్తమ్మ పక్కనే కూర్చుని కాళ్లు పిసుకుతుంది, దుప్పటి సర్దుతుంది. చీర మీద మరక ఎంతసేపు దాగుతుంది? అదే రాట్నం ముందు పీట మీద కూర్చుంటే ఎవరూ లేపి చూడరు. అక్కే అంది, "కూసుంట తియ్యి. నాకేమైతది?"

రెండు రోజులు కూర్చుంది. ఆమె వంతు తగ్గకుండా నా గంపలోంచి కండెలు తీసి ఆమె గంపలో వేస్తూ ఉన్నాను. నొప్పి గురించి ఆమె పెద్దగా మాట్లాడలేదు. నూలు ముట్టుకున్నప్పుడల్లా మాత్రం ముఖం ఒక తీరుగా పెట్టేది. "గిసొంటి ఒంటితోని నూలు ముడ్తున్ననే," అంది రెండుసార్లు. అత్తమ్మ ఆ రెండు రోజులూ ఎందుకో మెత్తగా ఉంది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మెల్లగ జెయ్యి, తొందరేమున్నది," అంది. అక్క ముఖం పాలిపోయింది, దవాఖానకు తీసుకుపోదామా అని నా భర్త అడిగితే కూడా, "ఆడోళ్ల ముచ్చట, నీకెందుకు," అని పంపేసింది.

మూడో రోజు మధ్యాహ్నం అక్క పీట మీదనుంచి పక్కకు ఒరిగిపోయింది. ఆమెను లేపబోయి అత్తమ్మ పీట చూసింది. బావ బండి కోసం పరుగెత్తాడు.

దవాఖానలో అదే డాక్టరు. ఈసారి ఏ కాగితమూ అడగలేదు. చొక్కా చేతులు మడుచుకుని, రాత్రి ఇంటికి కూడా పోకుండా చూశాడని తర్వాత ఆయాలు చెప్పారు. మర్నాడు పొద్దున నన్ను లోపలికి రానిచ్చారు. అక్కకు తెలివి ఉంది. నన్ను దగ్గరికి వంగమని చెవిలో అంది.

"నేను చుట్టిన కండెలు తీసెయ్యమను. అంటుతోని ముట్టిన. దేవుడు నన్నేమంటడో."

కడుపు గురించి ఏమీ అనలేదు. నేను ఆ మాట వస్తుందేమోనని కాచుకుని ఉన్నాను. రాలేదు. ఆమెకు ఏది పాపమో ఆమె చెప్పుకుంది, అంతే. ఆ సాయంత్రమే పోయింది.

నాకు ఏడుపు రాలేదు. చిన్నదానికి పాలు ఎవరిస్తారని ఆలోచించాను. ఇంటికి వచ్చి గంపలో చూస్తే ఆ కండెలు అప్పటికే మగ్గం మీదికి పోయాయి. చీరకు పేకగా పడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ చీర ఎవరో కొనుక్కుని, కట్టుకుని, చినిగాక మసిగుడ్డ చేసుకుని ఉంటారు.

దవాఖాన ఆయాల నోట సంగతి బయటికి పొక్కి, అప్పుడు వాడలో మొదలయ్యాయి మాటలు. మిల్లులో పనిచేసి మానుకున్న ఒక పెద్దాయన ఉండేవాడు. మరాఠీ పేపరు ఆయన చదివితేనే మా వీధికి తెలిసేది. "ఇది కూని," అన్నాడు. "కాయిదా ఏమంటదంటే, చేసినోళ్లకు శిక్షే, చేయించుకున్నదానికి శిక్షే. పానం దేవుడిచ్చింది, తీసెటందుకు మనమెవ్వలం?" బీడీలు చుట్టే విధవరాలు ఆకు కత్తిరిస్తూనే జవాబిచ్చింది. "కాయిదా రాసినోడు కన్నడా? కంటే తెల్సు. గా నలుగురు పిల్లలది పానం గాదా?" కులపెద్ద మాత్రం తలాతోకా లేకుండా, ఆడది నోరు తెరిచి మొగునికి చెప్పాల్సింది అన్నాడు. బావ అక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. ఈసారి ఊపలేదు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర లేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే నిజంలా ఉండేది, ఆ మాట అయిపోగానే అక్క లేదన్నది మిగిలేది.

రెండు రోజులకు పోలీసు జవాను వచ్చాడు. ఎలా పోయిందని మా వాకిట్లో నిలబడి అడిగాడు. అందరికంటే ముందు లేచింది ఆ పేపరు పెద్దాయనే. "బట్టలుతికే బండ మీద జారి పడ్డది సాబ్. నేను నా కండ్లతోని చూసిన," అన్నాడు. కులపెద్ద అవునన్నాడు. విధవరాలు కూడా అవునంది. వాడంతా బండ చూపించింది. జవాను ఆ బండను చూసి, రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా ఏళ్లకు చట్టం మారింది. అప్పుడు కూడా మా వాడలో ఇవే మాటలు మళ్లీ నడిచాయి, మనుషులే వేరు. నేను లోపల పని చేసుకుంటూ విన్నాను.

అక్క పోయిన నెలకు నేను బయట కూర్చున్నాను. అత్తమ్మ అన్నం తెచ్చి, నాకు తగలకుండా దూరంగా పెట్టింది. పెట్టి పోలేదు. గడప పట్టుకుని నిలబడింది.

"అది అబద్ధానికి బయట కూసున్నదని నాకు తెల్సు," అంది. "మూడు దినాలు ఒక్క గుడ్డ ఉతకలే. నాకు తెల్వదా? కడుపుతోనున్నదని సంబురపడ్డ. దిష్టి తగుల్తదని దాసుకుంటున్నదనుకున్న. ముఖం పాలిపోతే గూడ, మొదట్ల గిట్లనే ఉంటది, మూడు నెలలు నిండినంక అదే చెప్తదని ఊకున్న. గందుకే దవాఖానకు తోలలే."

నేను కంచం దగ్గరికి జరుపుకున్నాను.

"నెత్తురు పోతున్నదని చెప్తే పండుకోబెట్టకపోదునా? తిడ్దును. తిట్టి పండుకోబెడుదును." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా యోచన దానిది గాదు. అది కల్లాకపటం లేని పిల్ల. బయట కూసొమ్మని దానికి ఎవ్వలు నేర్పిన్రో."

"తెల్వదత్తమ్మా," అన్నాను.

"నీకు తెలిస్తే జెప్పు బిడ్డా. నేనేమనను," అంది.

ఆమె పోయేదాకా ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. చెప్పలేదు.