సుత్తి ప్రసాద్ అద్దం పలక

శృంగవరపుకోట బస్టాండు దాటాక దేవీప్రసాద్ ఎలక్ట్రికల్ షాపు ఉంది. దేవీప్రసాద్ ఎవరని అడిగితే ఊళ్ళో నలుగురూ తెల్లమొహం వేస్తారు. సుత్తి ప్రసాద్ అంటే మాత్రం టీకొట్టువాడు కూడా వేలు చూపిస్తాడు. ఆ పేరు అతనికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఎక్కువ మాట్లాడతాడని పెట్టారు. కొన్నేళ్ళకి అతను నిజంగానే సుత్తి పట్టుకోవడంతో అదే ఖాయమైపోయింది.

మనిషి చెడ్డవాడు కాదు. ఫ్యూజు వైరు కోసం వచ్చినవాడికి ఫ్యూజు ఎందుకు పోతుందో, ఎన్ని రకాలుగా పోతుందో, వాళ్ళ నాన్నగారి రోజుల్లో ఎలా పోయేదో చెప్పాలనుకుంటాడు. వచ్చినవాడు చిల్లర చేతిలో పట్టుకుని ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిలబడతాడు. ఇంట్లోనూ అంతే. భార్య మాధవి అతను చెబుతుండగానే పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్ళిపోయేది. పొయ్యి వెలిగించకుండానే ఎన్నోసార్లు అలా వెళ్ళింది.

ఇన్వర్టర్లు అమ్మాడు, సోలార్ గీజర్లు అమ్మాడు. అతను మొదలుపెట్టేసరికే ఊరంతా అవి కొనేసి ఉండేది. అలాంటి రోజుల్లో విశాఖపట్నంలో ఒక కంపెనీ వాళ్ళు డీలర్ల మీటింగు పెట్టారు. గోడకి స్విచ్చుల బదులు నల్లటి అద్దం పలక. వేలు ఆనిస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, కిటికీ తెర దానంతటదే జరుగుతుంది. కంపెనీ మనిషి ఆ అద్దం మీద ఇనుప గుండు జారవిడిచాడు. గీత కూడా పడలేదు.

"సుత్తితో కొట్టొచ్చా అండీ?" అని లేచి అడిగాడు దేవీప్రసాద్.

"కొట్టండి" అన్నాడు ఆయన. భోజనాల దగ్గర మాత్రం పక్కకి పిలిచి, "మధ్యలోనే కొట్టండి. అంచు మీద చిన్న దెబ్బ తగిలినా మొత్తం పొడైపోతుంది. ఈ గట్టి అద్దాల గుణమే అంత" అని చెప్పాడు.

దేవీప్రసాద్ ఎన్నో మాటలు విన్నాడు, విన్నవన్నీ పదిమందికీ చెప్పాడు. ఈ ఒక్క మాటా కడుపులోనే దాచుకున్నాడు.

షాపు ముందు బల్ల వేసి మొదటిసారి సుత్తి ఎత్తిన రోజు అతను మరిచిపోలేదు. దారినపోయేవాళ్ళు ఆగారు. సైకిలు దిగినవాళ్ళున్నారు. సుత్తి గాల్లో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. తన ఎదుట మనుషులు అంత నిశ్శబ్దంగా నిలబడటం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ తర్వాత దెబ్బకి ముందు ఆగడం నేర్చుకున్నాడు. సుత్తి ఎత్తి, మళ్ళీ దించి, తువ్వాలుతో అద్దం తుడిచి, చుట్టూ చూసి, అప్పుడు ఎత్తేవాడు. కొన్నాళ్ళకి దెబ్బ కన్నా ఆగడమే పెద్దదైపోయింది.

అరకు కొండల మీద గెస్ట్‌హౌసులు లేస్తున్న కాలం అది. హుకుంపేట రోడ్డులో సుక్రు, కనక అనే దంపతులు తమ కాఫీ తోట పక్కనే ఆరు గదులు కట్టుకున్నారు. దేవీప్రసాద్ ఘాట్ రోడ్డెక్కి వెళ్ళి, వాళ్ళు కాఫీ గింజలు ఎండబోసుకున్న కళ్ళం పక్కన బల్ల వేసి సుత్తి చూపించాడు. సుక్రు కళ్ళార్పలేదు. కనక మాత్రం గింజలు తిరగదోస్తూనే ఉంది.

"సుత్తట్టుకొని రోజూ ఎవులొత్తారు బాబు? బుగ్గ ఎలిగితే సాలదా?" అంది.

బల్బు సంగతి సుక్రు చెవికెక్కలేదు. ఆరు గదులకీ అద్దం పలకలు బిగించారు.

కనకకి వాటితో మొదటి నుంచీ పొసగలేదు. మట్టి తవ్వి, కాఫీ పళ్ళు కోసి కాయలు కాసిన వేళ్ళు ఆమెవి. పలక మీద ఎంత నొక్కినా దీపం వెలిగేది కాదు. "నా సెయ్యి దీనికి అగుపడ్డం లేదు" అని సుక్రుని పిలిచేది. తర్వాత వేలు నీళ్ళలో ముంచి ఆనించడం అలవాటు చేసుకుంది.

సుక్రుకి అవి ప్రాణం. వచ్చిన ప్రతి అతిథికీ తలుపు తీసి, కొండ చూపించి, వేడినీళ్ళ కుళాయి చూపించి, ఆఖరుకి పలక దగ్గర నిలబడి, "సుత్తెట్టి కొట్టినా పగల్దండి ఇది" అని చెప్పేవాడు. మంచు దిగితే అరకులో అతిథులకి గదిలో కూర్చోవడం తప్ప పనేముంది. ఒకాయన వేళ్ళ మెటికలతో కొట్టి చూశాడు. ఒకాయన చెప్పు మడమతో కొట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సీసా అడుగుతో కొట్టారు. ఆ సీసా అంచుకి తగిలింది. మంచం నిండా పటికబెల్లం పలుకుల్లా అద్దం రాలింది. ఎవరికీ చిన్న గాటు కూడా పడలేదు గాని ఫ్యాను ఆగలేదు, గీజరు వెలగలేదు. ఆ చలిలో తిరుగుతున్న ఫ్యాను కింద దుప్పట్లు కప్పుకుని కూర్చుని, కుర్రాళ్ళు ఇంటర్నెట్లో నిందలు రాశారు.

దేవీప్రసాద్ వచ్చి కొత్తది బిగించి వెళ్ళాడు. కొన్ని వారాలకి మరో గదిలో పోయింది. ఆ తర్వాత ఇంకోటి. ఈసారి అతనికి ఒళ్ళు మండింది.

"గోడ మీది స్విచ్చుని ఎవరైనా సీసాతో కొడతారా అక్కా? ఇదేం పద్ధతి?" అన్నాడు.

"నువ్వు కొట్టినావు గదా బాబు."

"నేను కొట్టింది చూపించడానికి."

"ఆళ్ళూ సూడ్డానికే కొట్టినారు" అంది కనక.

సుక్రు అరుగు మీద తలొంచుకుని కూర్చున్నాడు. "అంచుకి తగిల్తే పగుల్తదని నీకు ముందే తెల్సా?" అని అడిగాడు. మాటకి బదులు దేవీప్రసాద్ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. కొత్త పలక తీసి అరుగు మీద పెట్టాడు. సుత్తి తీశాడు.

కాఫీ తాగుతున్న అతిథులు చుట్టూ చేరారు. మొదటి దెబ్బ ఠంగుమంది. అద్దం నిలిచింది. ఫోన్లు పైకి లేచాయి. "ఇంకొకటి కొట్టండి" అన్నారెవరో. అతను సుత్తి ఎత్తి అలవాటుగా ఆగాడు. మంచుకి పిడి తడిసింది. ఆగినంతసేపూ అతను మనుషుల్నే చూశాడు గాని అద్దాన్ని చూడలేదు. సుత్తి చేతిలో తిరిగి అంచు మీద పడింది. పలక మొత్తం గలగలమని అరుగు మీద పోసుకుపోయింది.

ఒక్క క్షణం అతనికి ఎంతో ఇష్టమైన ఆ నిశ్శబ్దమే నిలిచింది. తర్వాత చప్పట్లు మోగాయి. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు వాళ్ళు. ఒకావిడ ముందుకొచ్చి, "ప్లీజండీ, మళ్ళీ ఒకసారి చేస్తారా? నా వీడియో ఆన్ కాలేదు" అంది.

ఇన్నేళ్ళలో అన్ని చప్పట్లు అతను ఎప్పుడూ వినలేదు. చెవులు కాలిపోయాయి.

కనక చీపురు తెచ్చింది. అతను ఆమె చేతిలోంచి తీసుకుని తనే ఊడ్చాడు. అతిథులు గదుల్లోకి వెళ్ళాక ఆమె మెల్లిగా అడిగింది. "ముందే సెప్పుంటే మేం ఎవుల్నీ కొట్టనిచ్చేటోలం కాదు గదా."

"చెబితే మీరు కొనేవారు కాదు."

కనక ఆలోచించింది. "కొనేటోలం కాదు" అని ఒప్పుకుంది.

ఆ వారమే అతను మిగిలిన పలకలు విప్పుకుపోయి, ఆరు గదులకీ మామూలు స్విచ్చులు బిగించాడు. డీలర్‌షిప్ వదులుకున్నాడు. దాన్ని పక్కవీధి కామేష్ తీసుకుని ఇంకా పెద్ద సుత్తి కొన్నాడు. ఈలోగా అరుగు మీది వీడియో ఊళ్ళు తిరిగింది. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి. ఎవరికీ పలక అక్కర్లేదు. మా పెళ్ళిలో వచ్చి పగలగొడతారా అని అడిగారొకరు.

దేవీప్రసాద్‌కి మాట తగ్గింది. ఫ్యూజు వైరు అడిగితే వైరే ఇచ్చేవాడు. మాధవి భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బీపీ, షుగరు అన్నీ బాగానే ఉన్నాయి. మాటలు తగ్గితే సంతోషించాల్సింది పోయి ఆ ఇల్లాలు మాట తిరిగి రావాలని అప్పన్న స్వామికి మొక్కుకుంది.

మరుసటి చలికాలం ముంచింగిపుట్టు నుంచి బుధు అనే అతను ఫోన్ చేశాడు. కొత్త రిసార్టు, కామేష్ బిగించిన పలకలు. సగం పోయాయట. మామూలు స్విచ్చులు కావాలన్నాడు. దేవీప్రసాద్ పెట్టె సర్దుకుని వెళ్ళాడు.

"ఇవి పగలవు గదా?" అన్నాడు బుధు.

"పగుల్తాయి. పగిలితే బేగి ఇంకోటి బిగించుకోవచ్చు, అంతే."

బుధు అతని మొహం కేసి చూసి తలూపాడు. గదులన్నీ పూర్తయ్యాక రిసెప్షన్‌లో మిగిలిన ఆఖరు పలక దగ్గర ఆపాడు. "దీన్ని తియ్యకండి. సుత్తి వీడియో చూసినోలు దీని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంతారు. కరెంటు మాత్రం తీసెయ్యండి."

దేవీప్రసాద్ వెనక వైర్లు విప్పి, కొసలకి టేపు చుట్టి, పలకని యథాప్రకారం గోడకి బిగించాడు. వేలితో తాకి చూశాడు. ఏమీ వెలగలేదు. సరిగ్గా ఉందన్నాడు బుధు. మంచు దిగకముందే ఘాట్ దాటాలని దేవీప్రసాద్ బేగి బయల్దేరాడు.